సలహాలు వద్దు, ఆమె మాటలు అనువదించండి

వృద్ధాప్యంలో ఒంటరితనం మీద ఇంగ్లీషులో రాయమంటే, చైనాలో పీజీ ఎంట్రన్సుకు చదివే కుర్రాడు మూడు పేరాలు రాస్తాడు. మొదటి దాంట్లో ప్రశ్నపత్రంలో ఇచ్చిన బొమ్మలో ఏముందో చెబుతాడు. రెండో దాంట్లో కారణాలు: పట్నాలకు వలస, ఉద్యోగాల ఒత్తిడి, మారిపోతున్న విలువలు. మూడోది 'ఇట్ ఈజ్ హై టైమ్' అని మొదలవుతుంది. ప్రభుత్వం చట్టాలు గట్టిగా అమలు చేయాలి, సమాజం మేలుకోవాలి, పిల్లలు తరచూ ఇంటికి వెళ్లి పెద్దవాళ్లను పలకరించాలి. మొత్తం 160 నుంచి 200 మాటలు, 20 మార్కులు. మన ఇంటర్మీడియట్ రోజుల్లో వృద్ధాశ్రమాల మీద వ్యాసం బట్టీపట్టినవాళ్లకు ఈ పద్ధతి కొత్తగా అనిపించదు.

ఈ మధ్య అలాంటి వ్యాసం ఒకటి నా చేతికి వచ్చింది. డాలస్ శివార్లలో మేముండే చోట, లైబ్రరీలో శనివారం పొద్దున్న ఇంగ్లీషు మాట్లాడటం నేర్చుకునేవాళ్లు గుండ్రంగా కుర్చీలు వేసుకుని కూర్చుంటారు. నేను అక్కడ వాలంటీరుని. చైనా నుంచి వచ్చి ఇక్కడ ఎమ్మెస్ చేస్తున్న ఒక అమ్మాయి, వాళ్ల బాబాయి కొడుకు ప్రాక్టీసుకు రాసిన వ్యాసాన్ని ఫోన్లో చూపించి తప్పులు దిద్దమంది. దిద్దడానికి పెద్దగా ఏమీ లేదు. వాక్యాలు నున్నగా ఉన్నాయి, మూడు పేరాలూ వాటి వాటి చోట్లలో ఉన్నాయి. బాగుందన్నాను. ఆ అమ్మాయి ఫోను వెనక్కి తీసుకోకుండా కాసేపు ఆగి చెప్పింది: "వీణ్ని పెంచింది మా నాన్నమ్మ. బాబాయీ పిన్నీ షెన్‌జెన్ వైపు ఫ్యాక్టరీల్లో ఉండేవాళ్లు. హైస్కూలుకు వెళ్లేదాకా వీడు హునాన్‌లో పల్లెటూళ్లో ఆమె దగ్గరే ఉన్నాడు. ఇప్పుడు ఆ ఇంట్లో ఆమె ఒక్కతే ఉంటోంది. ఈ వ్యాసంలో ఆమె ఎక్కడుంది?"

ఆ మాట విన్న దగ్గర్నుంచి నాలో ఒక అభిప్రాయం గట్టిపడుతూ వచ్చింది. ఈ విషయం మీద పిల్లల చేత వ్యాసాలు రాయించేకంటే అనువాదాలు చేయించడం మేలు. పెద్దవాళ్ల గురించి ఇంకెవరో రాసిన పేరాలను అనువదిస్తే సరిపోదు. పెద్దవాళ్లు తమ నోటితో అన్న మాటలను అనువదించాలి.

బంతిలా చుట్టుకున్న తండ్రి

చైనా పీజీ ఎంట్రన్సు ఇంగ్లీషు పేపర్లలో 2005 నాటి బొమ్మ ఇప్పటికీ కోచింగు క్లాసుల్లో చూపిస్తారు. ముసలి తండ్రి బంతిలా ముడుచుకుపోయి ఉంటాడు. పిల్లలు ఆయన్ని ఒకరి వైపు నుంచి ఇంకొకరి వైపు తంతుంటారు. తండ్రి పోషణ వాళ్లకు ఫుట్‌బాల్ ఆట అయిందని కింద రాసి ఉంటుంది. 2014లో వచ్చిన బొమ్మ దీనికి పూర్తిగా ఎదురు. ముప్పై ఏళ్ల కిందట తల్లి చెయ్యి పట్టుకుని నడిచిన పాప, ఇప్పుడు పెద్దదై ఆ తల్లిని నడిపిస్తుంటుంది.

తొమ్మిదేళ్ల తేడాతో వచ్చిన ఈ రెండు బొమ్మలనూ పక్కపక్కన పెట్టి చూశాను. ఒకటి సిగ్గుపడమంటుంది, ఇంకొకటి నేర్చుకోమంటుంది. రెండింటిలోనూ ముసలివాళ్లు నోరు మెదపరు. బంతిగా మారిన తండ్రి ఏమంటాడో రాయమని పరీక్ష అడగదు, అడిగినా జవాబుకు మార్కులెలా వేయాలో ఎవరికీ తెలియదు. కాబట్టి విద్యార్థి ఆయన చుట్టూ తిరుగుతాడు. కారణాలు చెబుతాడు, మందు చెబుతాడు. వ్యాసం అయిపోయేసరికి సమస్య తీరిపోయినట్టే ఉంటుంది.

మా లైబ్రరీ గుంపులోనే జరిగిన సంగతి ఒకటి చెప్పాలి. ఆ రోజు చదవడానికి ఇచ్చినది ఒంటరిగా ఉండే వృద్ధుల మీద తేలిక ఇంగ్లీషులో రాసిన పాఠం. విద్యార్థులు తలా ఒక పేరా చదివారు. గుంపులో కొడుకు దగ్గరికి విజిటర్ వీసా మీద వచ్చిన చైనా పెద్దాయన ఒకరున్నారు. డెబ్బై దాటి ఉంటాయి. ఇంగ్లీషు పదాలను చిన్న నోటుపుస్తకంలో రాసుకుంటూ ఉంటారు. వృద్ధులు 'బలహీన వర్గం' అని ఇరవయ్యేళ్ల కుర్రాడు గట్టిగా చదువుతుంటే నాకు ఆయన ముఖంలోకి చూడబుద్ధి కాలేదు. చదవడం అయ్యాక ఆయన ఆ అమ్మాయితో చైనీసులో ఏదో అన్నారు. ఆమె మాకు చెప్పింది: "ఇంతసేపూ ముసలాయన సంగతే చెప్పారు, ఆయన ఒక్క మాట కూడా మాట్లాడలేదేం అని అడుగుతున్నారు."

ఆయన ఫిర్యాదు చేయలేదు, పాఠం అర్థం కాక అడిగారు. నా మటుకు నాకు ఈ విషయం మీద అంతకంటే సూటైన విమర్శ ఎక్కడా కనబడలేదు.

చట్టం కూడా మూడో పేరాలోకే

మూడో పేరాకు సరుకు చట్టాల్లో బోలెడుంది. వృద్ధుల హక్కుల చట్టాన్ని చైనా 2012 డిసెంబరులో సవరించింది. వేరుగా ఉండే పిల్లలు తల్లిదండ్రులను తరచూ చూడ్డానికి వెళ్లాలి, లేదా పలకరించాలి అని అందులో రాసింది. 2013 జులై 1న చట్టం అమల్లోకి వచ్చింది. అదే రోజు వూషీ నగరంలో ఒక కోర్టు, 77 ఏళ్ల తల్లి వేసిన కేసులో, కూతురు కనీసం రెండు నెలలకోసారి, ఏడాదిలో కనీసం రెండు పెద్ద పండగలకు తల్లిని చూడ్డానికి వెళ్లి తీరాలని తీర్పు చెప్పింది. మన దేశంలో 2007 నాటి చట్టం తల్లిదండ్రుల పోషణ గురించి మాట్లాడింది. చైనా చట్టం ఒకడుగు ముందుకేసి, వెళ్లి కనబడమంది.

ఈ చట్టాన్ని తీసిపారేయను. 2024 చివరికి చైనాలో అరవై దాటినవాళ్లు 31 కోట్లు, జనాభాలో 22 శాతం. 1980 ప్రాంతంలో మొదలైన ఒకే బిడ్డ విధానాన్ని ఆపుతున్నామని ప్రకటించింది 2015లో. ఆ మధ్య కాలంలో పుట్టిన ఒక్కగానొక్క బిడ్డ, పెళ్లయ్యాక, రెండు వైపులా కలిపి నలుగురు పెద్దవాళ్లకు దిక్కు. అంత బరువు మీదున్న సమాజం చట్టం చేయకుండా ఎలా ఉంటుంది? కానీ విద్యార్థి చేతికి వచ్చేసరికి ఆ తీర్పు కూడా 'ప్రభుత్వం ఇప్పటికే చర్యలు తీసుకుంది' అనే ఒక్క వాక్యంగా కుదించుకుపోతుంది. కూతురి మీద కోర్టుకెక్కడానికి ముందు ఆ తల్లి ఎన్ని రాత్రులు ఆలోచించి ఉంటుందో అందులో పట్టదు.

అనువాదంలో తప్పించుకునే దారి లేదు

వ్యాసంలో విద్యార్థి తనకు వచ్చిన మాటలతో తనకు కావలసినవైపు నడవచ్చు. అనువాదంలో ఆ వీలు లేదు. ఎదుటి మనిషి ఎక్కడ ఆగితే అక్కడ ఆగాలి, ఎంత చెబితే అంతే చెప్పాలి. చైనీసులోకి అనువదించే పనిలో మూడు కష్టాలున్నాయని చైనా అనువాదకుడు యెన్ ఫు 1898లో రాశాడు. మూలానికి నమ్మకంగా ఉండటం వాటిలో మొదటిది, మిగతా రెండూ అర్థమయ్యేలా చెప్పడం, సొగసుగా చెప్పడం. అప్పటినుంచి చైనాలో అనువాదం నేర్చుకునే ప్రతివాళ్లూ ఈ మూడింటినీ వల్లె వేస్తారు. మొదటిదాన్ని నేను భాషకు సంబంధించిన నియమంగా మాత్రమే చూడలేను. సలహా ఇవ్వకుండా ఒక మనిషి చెప్పేది చివరిదాకా వినే అలవాటు అందులో ఉంది.

చైనా చదువులో అనువాదానికి చోటు లేదనలేం. డిగ్రీ విద్యార్థులు రాసే సీఈటీ-4 అనే ఇంగ్లీషు పరీక్షలో 2013 డిసెంబరు నుంచి చైనీసు పేరా ఒకటి ఇంగ్లీషులోకి మార్చాలి. 140 నుంచి 160 అక్షరాలు, అరగంట సమయం, 15 శాతం మార్కులు. అయితే ఇచ్చే పేరాలు ఎక్కువగా దేశ సంస్కృతి, చరిత్ర, అభివృద్ధి మీద ఉంటాయి. 2019 డిసెంబరులో కుటుంబం మీద ఒక పేరా ఇచ్చారు. ఒకప్పుడు నాలుగు తరాలు ఒకే ఇంట్లో ఉండేవి. ఇళ్ల వసతి మెరుగుపడి ఇప్పుడు యువ దంపతులు వేరుగా ఉంటున్నారు. అయినా రాకపోకలు బాగానే ఉన్నాయి. పెద్దవాళ్లు మనవలను చూసుకుంటున్నారు, పిల్లలు కొత్త సంవత్సరానికీ శరత్కాలపు పున్నమి పండక్కీ తీరిక చేసుకుని వెళ్లి చూసి వస్తున్నారు. పేరా అక్కడితో ముగుస్తుంది.

దీన్ని అబద్ధమనడానికి లేదు. చాలా ఇళ్లలో అలాగే జరుగుతుంది. కానీ 'రాకపోకలు బాగానే ఉన్నాయి' అన్నది ఎవరు? పిల్లలా, పెద్దవాళ్లా? ఆ పేరాలో పైనుంచి చూసి చెబుతున్న గొంతు ఒకటే ఉంది. దాన్ని ఎంత నమ్మకంగా అనువదించినా విద్యార్థి వినేది ఆ గొంతునే. అందుకే అనువాదం చేయిస్తే చాలు అనుకోకూడదు, ఎవరి మాటలు చేతికిస్తున్నామన్నది అంతకంటే ముఖ్యం.

చదవడంలోనూ ఇలాంటి చిక్కే ఉంది. 2016లో జెజియాంగ్ రాష్ట్రంలో మొదలుపెట్టి, తర్వాత గావోకావ్ (ఇంటరు తర్వాత రాసే కాలేజీ ప్రవేశ పరీక్ష) ఇంగ్లీషు పేపరులో చాలాచోట్లకు విస్తరించిన ప్రశ్న ఒకటుంది. సగంలో ఆగిన కథ ఇస్తారు. చదివి, ఇంకో రెండు పేరాలు కలిపి పూర్తి చేయాలి. 25 మార్కులు. కథలో మనిషితో కాసేపు కలిసి నడవమనే ఈ ప్రశ్న నాకు నచ్చింది. నచ్చనిది దానికి తయారుచేసే తీరు. కథను వెచ్చగా ముగించమని, చివర్లో కళ్లనీళ్లూ కౌగిలింతా ఉండేలా చూసుకోమని పిల్లలు నేర్చుకుంటున్నారు. కథలో ముసలావిడ ఉంటే రెండో పేరాలో మనవడు తలుపు తట్టక తప్పదు.

నిమిషం కూడా లేని మెసేజ్

ఆ అమ్మాయి వాళ్ల తమ్ముడికి ఒక పని చెప్పింది. వ్యాసం పక్కన పెట్టి, నాన్నమ్మ వీచాట్‌లో పంపిన వాయిస్ మెసేజ్ ఒకటి తీసుకుని ఇంగ్లీషులో రాయమంది. ముందు నాన్నమ్మను అడిగారు. "నా మాటల్లో రాసుకోవడానికేముంది" అందట, వద్దని మాత్రం అనలేదు.

మెసేజ్ నిమిషం కూడా లేదు. తిన్నావా. ఇక్కడ నాలుగు రోజులుగా ఒకటే వాన, మిరప మొక్కలు కుళ్లిపోయాయి. (హునాన్ వాళ్లకూ మనలాగే కారం లేనిదే ముద్ద దిగదు, కాబట్టి ఇది చిన్న కబురేం కాదు.) మీ నాన్న పంపిన డబ్బు అలాగే ఉంది, ఇంక పంపొద్దని చెప్పు. మధ్యాహ్నం కాసేపు గుమ్మం దగ్గర కూర్చోవడం. సరే, నువ్వు చదువుకో.

ఇందులో కష్టమైన మాట ఒక్కటీ లేదు, అయినా రెండు రోజులు పట్టింది. ఆమె మాట్లాడేది ఆ ఊరి యాస. బడిలో నేర్పే చైనీసులోకి దాన్ని ముందు మార్చుకోవాలి, ఆ తర్వాతే ఇంగ్లీషు. గుమ్మం దగ్గర కూర్చోవడం దగ్గర కుర్రాడు ఆగిపోయాడు. చైనీసు క్రియకు కాలంతో పని లేదు, ఇంగ్లీషుకు అది లేనిదే గడవదు. ఆ రోజు కూర్చుందా, రోజూ కూర్చుంటుందా? తేల్చుకోలేక ఫోన్ చేశాడు. "రోజూనే. బడి వదిలే వేళకి పిల్లలు ఇటే వెళ్తారు, చూడ్డానికి బాగుంటుంది" అంది.

అతను రాసి పంపినదాంట్లో ఆ వాక్యం 'గుమ్మం దగ్గర ఒంటరిగా కూర్చుంటాను' అని ఉంది. 'ఒంటరిగా' అని నాన్నమ్మ అనలేదు కదా, అంది అక్క. తీసేయాల్సి వచ్చింది. దీనిమీద వాళ్లిద్దరూ చాలాసేపు వాదించుకున్నారని ఆ అమ్మాయి చెబుతుంటే నాకు చాలా సంతోషమేసింది. ఆ మాటను వ్యాసం అతని చేత మొదటి వాక్యంలోనే రాయిస్తుంది, అనువాదం మాత్రం ఆమె అన్నదా అని నిలదీసి అడుగుతుంది. ఇన్నేళ్లలో నాన్నమ్మను అతను అలాంటి ప్రశ్న అడిగిన సందర్భం ఇంకొకటి ఉండి ఉంటుందని నేననుకోను.

నన్ను ఆపే మాటలు

ఇది విన్నవాళ్లు నాతో వాదించారు. వాదించినవాళ్లంతా ఊరికే అనలేదు.

మొదటిది పరీక్షల సంగతి. 2025 పీజీ ఎంట్రన్సుకు దరఖాస్తు చేసినవాళ్లు 38.8 లక్షల మంది. అన్ని పేపర్లు దిద్దాలంటే కొలతకు లొంగే జవాబులే కావాలి. పైగా ఆ మూడు పేరాల అచ్చు వల్ల ఎక్కువ మేలు పొందేది పల్లెటూరి పిల్లలే. ఇంట్లో ఇంగ్లీషు గాలి సోకని కుర్రాడికి అది నిచ్చెన. షాంఘైలో పెరిగినవాడికి అది లేకపోయినా గడుస్తుంది. ఈ వాదన బలమైనది, నేను దీన్ని కాదనను. నాన్నమ్మ పెంచిన ఆ కుర్రాడు డిసెంబరులో పరీక్ష హాల్లో కూర్చుని మూడు పేరాలే రాయాలి, బాగా రాయాలి. నా పట్టుదలంతా ప్రాక్టీసు గురించే. ఏడాది పొడుగునా చేసే సాధనలో ఒక పూట వేరేగా గడిస్తే మార్కులు తగ్గిపోవు.

ఫోను క్షణంలో అనువదించి పెడుతుంటే రెండు రోజులు ఎందుకన్నది ఇంకొకరి ప్రశ్న. ఫోను ఆ మెసేజ్‌ను అనువదించగలదేమో, నాన్నమ్మకు ఫోన్ చేసి అడగదు. దీనిమీద ఇంతకంటే చెప్పాలని లేదు.

నన్ను నిజంగా ఇబ్బంది పెట్టిన సందేహం వేరే ఉంది. ఒక పెద్దావిడ మనవడికి పంపిన మాటలను పాఠంగా మార్చడం న్యాయమేనా? ఆమె సరేనంది, నిజమే. మనవడు అడిగితే ఏ నాన్నమ్మ కాదంటుంది? దీనికి నేను పెట్టుకున్న హద్దు ఒకటే. ఆ అనువాదం ఇంటివాళ్ల మధ్య ఉండాలి, క్లాసులో గట్టిగా చదివించకూడదు. గుంపులో చదవాలంటే, గుంపులో కూర్చున్న మనిషి తనంతట తాను చెప్పినదే చదవాలి.

ఒంటరిగా ఉండే ప్రతి ముసలి మనిషీ ఒంటరితనంతో బాధపడుతోందనుకోవడం కూడా పొరపాటే. చైనా పట్నాల్లో సాయంత్రమైతే కూడళ్లలో పాటలు పెట్టుకుని వరసలుగా నాట్యం చేసే ఆడవాళ్లలో, చెట్ల కింద మాజాంగ్ అనే పలకల ఆట ఆడేవాళ్లలో అరవై దాటినవాళ్లు చాలామంది ఉంటారు. వృద్ధుల కోసమే విశ్వవిద్యాలయాలున్నాయి, మొదటిది 1983లో షాన్‌దోంగ్‌లో మొదలైంది. కాలిగ్రఫీ, వంట, ఫోను వాడకం నేర్పుతారు. మూడు పేరాల వ్యాసంలో వీళ్లెవరూ ఉండరు, ఎందుకంటే వీళ్లకు పరిష్కారం అక్కర్లేదు.

అదే సమయంలో, నిజంగా బాధపడేవాళ్లు ఆ మాట అనకపోవచ్చు. మా గుంపుకు అప్పుడప్పుడూ గుంటూరు వైపు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ వస్తుంది. కూతురి పురిటికి వచ్చి ఆరు నెలలు ఉండేందుకు ఆగిపోయింది. ఎలా ఉందమ్మా ఇక్కడ అని అడిగితే "బ్రహ్మాండంగా ఉంది బాబూ, దేనికీ లోటు లేదు" అంటుంది. ఇంకో పది నిమిషాలు కూర్చుంటే, పగలంతా ఇంట్లో మనిషి మాట వినబడదని, వీధిలో కుక్క అరిచినా బాగుణ్ననిపిస్తుందని చెబుతుంది. మొదటి జవాబే వ్యాసానికి చాలు. రెండోది కావాలంటే పది నిమిషాలు కూర్చోవాలి.

తల్లిదండ్రులు ఉండగా దూరం పోకు, పోవలసి వస్తే ఎక్కడికో తెలిసేలా పో అని కన్‌ఫ్యూషియస్ అన్నట్టు చైనా బడిపిల్లలందరికీ తెలుసు. టెక్సాస్‌లో కూర్చున్న ఆ అమ్మాయీ నేనూ ఆ మాట దాటి వచ్చినవాళ్లమే. మా అమ్మ కూడా వీడియో కాల్లో ముందు తిన్నావా అనే అడుగుతుంది. ఇక్కడ పుట్టిన మన పిల్లలు అమ్మమ్మ మాటల్లో సగం అర్థం కాకుండానే తలూపి ఫోను మనకిచ్చేస్తారు. వారానికోసారి ఆమె చెప్పిన రెండు వాక్యాలు ఇంగ్లీషులో రాయమంటే తెలుగు క్లాసు పాఠం కంటే ఎక్కువే వస్తుందని నా నమ్మకం. అర్థం కానిచోట ఆమెనే అడగాలన్నది ఒక్కటే షరతు.

లైబ్రరీలో ఆ చైనా పెద్దాయన్ని, మీరు చెప్పండి, పిల్లలు అనువదిస్తారు అని అడిగాం. ఆయన ఒప్పుకున్నారు. ఒంటరితనం గురించో, కొడుకు గురించో, ఇక్కడి ఎండ గురించో చెబుతారనుకున్నాం. ఆయన లువోయాంగ్‌లో ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో పనిచేసిన రోజుల గురించి మొదలుపెట్టారు. ఇంజను నడుస్తుంటే చప్పుడు బట్టి ఏ బేరింగు అరిగిందో ఎలా కనిపెట్టాలో, చెవి దగ్గర స్క్రూడ్రైవరు పిడి ఆనించి మరీ చూపించారు. విద్యార్థులు అనువదించలేక తల పట్టుకున్నారు. కంప్యూటరు సైన్సు చదివే ఇద్దరికి బేరింగు అంటే ఏమిటో ముందు ఆయనే బొమ్మ గీసి చెప్పాల్సి వచ్చింది. గంట చాల్లేదు. క్లచ్ సంగతి వచ్చే వారం చెబుతానన్నారు.